జాయ్‌స్టిక్ జవాబులు: టెక్కెన్ 8 కొనొచ్చా?

ప్రశ్న: అన్నా, మద్దిలపాలెంలో నలుగురం ఒకే రూమ్‌లో ఉంటాం. తలా కొంత వేసుకుని పీఎస్5 గేమ్ కన్సోల్ కొన్నాం. కొట్లాట ఆటల్లో టెక్కెన్ 8 తీసుకుందామని ముగ్గురం అంటుంటే, స్ట్రీట్ ఫైటర్ 6 మేలని ఒకడు పట్టుబడుతున్నాడు. టెక్కెన్‌లో మంచెంత, లోపమెంత?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నలుగురూ ఒకే గదిలో కూర్చుని ఆడతారు కాబట్టి టెక్కెనే తీసుకోండి తమ్ముడూ. ఆ నాలుగోవాడి మాటా కొట్టిపారేసేది కాదు, దానికీ వస్తాను.

టెక్కెన్‌లో నాలుగు బటన్లు రెండు చేతులకీ రెండు కాళ్లకీ లెక్క. కుడికాలు బటన్ నొక్కితే కుడికాలే లేస్తుంది. అందుకే మొదటిరోజు పట్టినవాడు కూడా నాలుగు దెబ్బలు వేస్తాడు. ద్వారకానగర్ పార్లర్లలో టెక్కెన్ 3 ఆడిన మా బ్యాచ్ అంతా ఎడ్డీ అనే ఫైటర్‌ని పట్టుకుని, కాళ్ల బటన్లు రెండూ టకటకా బాదేసి గెలిచినవాళ్లమే! గెలిచినోడు కూర్చుంటాడు, ఓడినోడు లేస్తాడు. మీ గదిలోనూ ఆ రూలే పెట్టుకోండి, ఫైటు ఇద్దరి మధ్యే కదా. అన్నట్టు, 2024 జనవరిలో టెక్కెన్ 8 వచ్చినప్పుడు 32 మంది ఫైటర్లున్నారు గానీ అందులో ఎడ్డీ లేడు. తర్వాత విడిగా డబ్బులకి దింపారు. పాతవాళ్లకి ఒళ్లు మండదూ మరి?

నాకు అన్నిటికంటే నచ్చింది రీప్లే. ఓడిన ఫైటు మళ్లీ పెట్టుకుంటే, 'ఇక్కడ ఈ దెబ్బ వేసి ఉండాల్సింది' అని ఆటే చెబుతుంది. అక్కడే ఆపి, కంట్రోల్ చేతిలోకి తీసుకుని ఆ దెబ్బ వేసి చూసుకోవచ్చు కూడా. ఎందుకు ఓడామో తెలియక కంట్రోలర్ విసిరేసేవాళ్లకి ఇంతకంటే మంచి మందు లేదు.

లోపమంతా 'హీట్' దగ్గరుంది. రౌండుకి ఒకసారి హీట్ ఎక్కించుకోవచ్చు, అంటే కాసేపు దాడికి అదనపు బలం. ఎక్కినవాడి దెబ్బ కాచుకున్నా కొంత లైఫ్ పోతుంది. నిలబడి కాచుకుంటే కాళ్లకింద కొడతాడు, కూర్చుంటే నడుముకి కొడతాడు. ఊహించాలి, తప్పితే లైఫ్‌లో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. ఓపిగ్గా కాచుకుని ఆడేవాడికి ఇది నరకం. 2025 ఏప్రిల్‌లో రెండో సీజన్ (రెండో ఏడాది అప్‌డేట్) మార్పులొచ్చినప్పుడు, రక్షణకి బలమిస్తామని చెప్పి దాడికే ఇచ్చారని ఆటగాళ్లు పెద్ద గోలే చేశారు. దాంతో వెంటవెంటనే దిద్దుబాట్లు చేయాల్సి వచ్చింది.

మీ నాలుగోవాడు గెలిచేది ఇక్కడే. స్ట్రీట్ ఫైటర్ 6లో దాడికీ రక్షణకీ ఒకటే డ్రైవ్ గేజ్ (శక్తి మీటర్). ఎడాపెడా ఖర్చుపెట్టేస్తే బర్నౌట్ అయి, అంటే గేజ్ ఖాళీ అయి, ఇరుక్కుపోతాడు. దూకుడుకి కళ్లెం ఆటలోనే ఉంది. మోడర్న్ కంట్రోల్స్ అనే తేలిక బటన్ల పద్ధతిలో స్పెషల్ దెబ్బలు కూడా సులువే. కాకపోతే 2023 జూన్‌లో అది మొదలైంది 18 మందితోనే.

ఆన్‌లైన్ సంగతి: రెండిట్లోనూ రోల్‌బ్యాక్ ఉంది. అవతలివాడు ఏం నొక్కుతాడో ఆటే ఊహించి చూపించేస్తుంది, తప్పైతే వెనక్కెళ్లి సరిచేస్తుంది. అలాగని వైఫై మీద ఆడకండి. తెర మీద సెకనుకి 60 ఫ్రేములు (బొమ్మలు) మారతాయి, టెక్కెన్‌లో వేగమైన గుద్దు 10 ఫ్రేముల్లో తగులుతుంది. నెట్ కాస్త ఊగిందంటే ఆ గుద్దు కంటికి ఆనదు. రూటర్ నుంచి కేబుల్ లాగండి. అవతలివాడు వైఫై మీదున్నాడో కాదో టెక్కెనే చూపిస్తుంది, చూసి ఒప్పుకోండి. పీఎస్5లో ఆన్‌లైన్‌కి పీఎస్ ప్లస్ చందా కట్టాలి, ఆ లెక్క కూడా నలుగురూ ముందే తేల్చుకోండి.

ప్రశ్న: మావాడికి పదకొండేళ్లు. ఈ కొట్లాట ఆటలు కొనివ్వొచ్చా అండీ?
– ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: అమెరికా రేటింగ్ ప్రకారం టెక్కెన్ 8, స్ట్రీట్ ఫైటర్ 6 రెండూ 13 ఏళ్లు నిండినవాళ్లకండీ. కొనేముందు మీరే ఒక అరగంట వాడి పక్కన కూర్చుని ఆడి చూడండి. మోర్టల్ కాంబాట్ 1 మాత్రం వాడెంత బతిమాలినా వద్దు. అది 17 నిండినవాళ్లకి, అందులో పేగులు బయటికొస్తాయి.