రెరా నంబరు లేని ఫ్లాటుకు డబ్బు కట్టేశాను, తిరిగి వస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్ శివారులో 300 ఫ్లాట్ల ప్రాజెక్టు అని, ప్రీ-లాంచ్ (ప్రాజెక్టు మొదలుకాకముందు) ధర అని చెబితే 2022లో 24 లక్షలు కట్టాను. 16 లక్షలు బ్యాంకు ద్వారా, 8 లక్షలు నగదు. ఇంతవరకు పునాది కూడా తీయలేదు. బిల్డరును నిలదీస్తే, ‘ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషనే లేదు, అక్కడికెళ్లి ఏం చేస్తారు?’ అంటున్నారు. నాకు దారేది? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు నిక్షేపంగా రెరాకు వెళ్లొచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడమే 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం తప్పు. అందుకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా ఉంది. తాను చేసిన తప్పునే బిల్డరు కవచంగా అడ్డం పెట్టుకుంటే చెల్లదు. పైగా అమ్మకం ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని సెక్షన్ 13 చెబుతోంది.

చెప్పిన గడువుకు ఫ్లాటు ఇవ్వకపోతే మొత్తం సొమ్ము వడ్డీతో వెనక్కి అడిగే హక్కు సెక్షన్ 18 ఇస్తోంది. తెలంగాణ నిబంధనల్లో ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు ఎంసీఎల్ఆర్‌కు (బ్యాంకు అప్పులకు ప్రామాణికంగా పెట్టుకునే కనీస వడ్డీ రేటుకు) 2 శాతం ఎక్కువ. కాబట్టి ‘అసలు ఇస్తాం, వడ్డీ వదిలేయండి’ అన్న బేరానికి తొందరపడి తలూపకండి.

నాకు ఎక్కువ భయం వేరే కాగితం గురించి. ఇలాంటి కేసుల్లో బిల్డరు ఆఫీసుకు పిలిచి, కాఫీ ఇచ్చి, 100 రూపాయల స్టాంపు పేపరు ముందు పెడతారు. ‘ఈ మొత్తాన్ని చేబదులుగా తీసుకున్నాం’ అని అందులో ఒక్క వాక్యం ఉంటుంది. దాని మీద సంతకం పెడితే, రేపు మీరు ఫ్లాటు కొన్నవారు కాదు, అప్పిచ్చినవారని వాదిస్తారు. దయచేసి పెట్టకండి.

8 లక్షల నగదుకు రసీదు లేకపోతే ఫ్లాటు నంబరు, మొత్తం ధర రాసిచ్చిన చీటీ, ‘క్యాష్ ముట్టింది’ అన్న వాట్సాప్ మెసేజ్ ఉన్నాయేమో వెతకండి. ఫోను మార్చినా ఆ చాట్ పోనివ్వకండి.

సెక్షన్ 31 కింద ఫిర్యాదు వేసేటప్పుడే, విచారణ తేలేదాకా ఆ స్థలాన్ని మరొకరికి అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు అడగండి. సెక్షన్ 36 అందుకే ఉంది. తీర్పు వచ్చాక బిల్డరు కట్టకపోతే భూమిశిస్తు బకాయిలా వసూలు చేయించవచ్చు గానీ, అప్పటికి ఆయన పేరున ఆస్తి మిగిలి ఉండాలి కదా.