కాంట్రాక్టర్‌కు ఇన్సూరెన్స్ లేదట, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. వంటిల్లు, బాత్రూం రీమోడలింగ్ 42 వేల డాలర్లకు మాట్లాడుకున్నాం. జనరల్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనివల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) లేదనీ, ఉద్యోగులు లేరు కాబట్టి వర్కర్స్ కాంప్ (పనివాళ్లకు దెబ్బ తగిలితే ఆదుకునే బీమా) అక్కర్లేదనీ కాంట్రాక్టర్ అగ్రిమెంట్‌లోనే రాశాడు. కొలతలకు మాత్రం ముగ్గురు కుర్రాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. 10 వేలు అడ్వాన్స్ అడుగుతున్నాడు. ‘లైసెన్స్ ఉంది, బాండ్ ఉంది, టెన్షన్ ఎందుకండీ’ అంటున్నాడు. సంతకం పెట్టమంటారా?

జవాబు: ఇప్పుడున్న కాగితం మీద వద్దు.

ఇంటి పని 500 డాలర్లు దాటితే అక్కడి బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 7159 సెక్షన్ కింద రాతపూర్వక కాంట్రాక్ట్ ఉండాలి. బీమా ఉందో లేదో అందులో చెప్పాలి. చెప్పాలి అంతే. ఎల్ఎల్‌సీగా (యజమానుల బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీగా) నడిచే సంస్థలను మినహాయిస్తే, లయబిలిటీ పాలసీ తీసుకుని తీరాలన్న నిబంధన లేదు. కాబట్టి ‘లేదు’ అని రాయడం తప్పు కాదు. కానీ రేపు అతని పనివల్ల పైపు పగిలి ఫ్లోరింగ్ అంతా పాడైతే, నష్టపరిహారం అతను జేబులోంచే ఇవ్వాలి.

బాండ్ ఉందిగా అంటారేమో. లైసెన్స్ కోసం పెట్టే ఆ బాండ్, అంటే పూచీ మొత్తం, 2023 నుంచి 25 వేల డాలర్లు. అది మీ ఒక్కరిది కాదు, అతనిమీద క్లెయిమ్ వేసిన వాళ్లందరికీ కలిపి అంతే. పైగా అది ప్రమాద బీమా కానే కాదు.

నన్ను కలవరపెడుతున్నది ఆ ముగ్గురు కుర్రాళ్లు. వాళ్లు అతని దగ్గర జీతానికో కూలికో పనిచేసేవాళ్లయితే ‘ఉద్యోగులు లేరు’ అన్నది అబద్ధం. వర్కర్స్ కాంప్ లేకుండా మనుషుల్ని పెట్టుకుంటే చట్టరీత్యా లైసెన్స్ దానంతటదే సస్పెండ్ అవుతుంది. అప్పుడు మీ ఇంట్లో ఎవరైనా నిచ్చెన మీంచి పడితే, లేబర్ కోడ్ 2750.5 కింద మిమ్మల్నే యజమానిగా చూపించి క్లెయిమ్ వేసే ప్రమాదం ఉంది. వాళ్లు సబ్‌కాంట్రాక్టర్లే (విడిగా పని ఒప్పుకున్నవాళ్లే) అని అతనంటే వాళ్ల లైసెన్స్ నంబర్లు అడగండి. రూఫింగ్, ఏసీ, కాంక్రీటు పనులవాళ్లకైతే ఉద్యోగులు లేకపోయినా 2023 నుంచి వర్కర్స్ కాంప్ తప్పనిసరి.

అడ్వాన్స్ సంగతి మీరు మామూలుగా రాశారు గానీ, అది నేరుగా చట్టవిరుద్ధం. ప్రత్యేక బాండ్ పెట్టిన కొద్దిమంది తప్ప మిగతావాళ్లు 1,000 డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, ఏది తక్కువైతే అంతకుమించి తీసుకోకూడదు. మీ విషయంలో వెయ్యే.

కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు వెబ్‌సైట్‌లో అతని నంబర్ కొడితే లైసెన్స్, బాండ్, వర్కర్స్ కాంప్ వివరాలు ఉచితంగా కనిపిస్తాయి. పాలసీ తీసుకుంటానని అతను ఒప్పుకుంటే సర్టిఫికెట్ అతని చేతినుంచి కాకుండా ఇన్సూరెన్స్ ఏజెంట్ దగ్గర్నుంచి నేరుగా మీకు పంపించమనండి. గడువు తేదీ మీ పని పూర్తయ్యేదాకా ఉందో లేదో చూసుకోండి. ఒప్పుకోకపోతే, స్నేహితుల ఇంట్లో ఎంత బాగా చేశాడన్నా సరే, వేరే కాంట్రాక్టర్‌ను చూసుకోండి.