పాఠ్య సంకలనం అచ్చుకు వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి,

గుంటూరు నుంచి పెదనాన్న ఆశీస్సులు. మీ కాలేజీ డిగ్రీ తెలుగు సంకలనం పని నీకు అప్పగించారని, విజయవాడలోనే అచ్చు వేయించి పిల్లలకు అమ్ముతారని మీ నాన్న చెప్పాడు. మంచి పని. అనుమతుల సంగతి మాత్రం చివరికి వదలకు.

పాఠం చెప్పడం కోసం తీసుకునే జిరాక్స్ కాపీలకు 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ ప్రాంగణంలోని జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పిందీ అదే. కానీ ఆ తీర్పు చూపించి పుస్తకం అచ్చు వేసి అమ్మేద్దామంటే నేను ఒప్పుకోను. పాఠ్య సంకలనాలకు అదే సెక్షన్‌లో వేరే నిబంధన ఉంది. సంకలనంలో ఎక్కువ భాగం కాపీరైట్ లేని రచనలే ఉండాలి. మిగతావి చిన్న భాగాలు మాత్రమే. సంకలనం వేసే ప్రచురణకర్త ఒకే రచయితవి ఐదేళ్లలో రెండుకు మించి వేయకూడదు. పూర్తి కథ వేయాలంటే అనుమతి అడగాల్సిందే.

రచయిత బతికుండగా అచ్చయిన రచనకు ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1958లో పోయారు, ఆయన నవల నుంచి నిశ్చింతగా తీసుకో. జాషువాగారు 1971లో పోయారు, కాబట్టి 2031 చివరిదాకా ఆగాలి, లేదా అడగాలి. పాత కావ్యమైనా ఈ కాలంవాళ్లు రాసిన పీఠిక, తాత్పర్యం వాళ్లవే. అనువాద కథకైతే మూల రచయిత, అనువాదకుడు ఇద్దరి అనుమతీ కావాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు.

ఎవరిని అడగాలన్నది అసలు కష్టం. మన రచయితల్లో చాలామంది సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకున్నవాళ్లే, హక్కులు ఇంట్లోనే ఉంటాయి. పుస్తకం వెనక చిరునామాకు వెళ్తే ఆ ఇల్లు ఎప్పుడో అమ్మేసి ఉంటారు. అప్పుడు ప్రచురణకర్తను అడుగు. ఏలూరు రోడ్డులో ఉన్నవాళ్ల దగ్గరికి నువ్వే స్వయంగా వెళ్లు, జనవరిలో పుస్తక మహోత్సవం రోజుల్లో మాత్రం వద్దు, ఎవరికీ తీరిక ఉండదు. వారసులు నలుగురుంటే నలుగురూ ఒప్పుకోవాలి. పెద్దబ్బాయి సరేనన్నాడు కదా అని ఊరుకుంటే తర్వాత గొడవ.

ఉత్తరంలో ఏ పుస్తకం, ఏ పేజీలు, ఎన్ని ప్రతులు, వెల ఎంత, ఏ విద్యా సంవత్సరానికి అన్నవన్నీ రాయి. పీడీఎఫ్ కూడా పిల్లలకు పంపుతారా? అదీ ఇప్పుడే అడుగు. ఫోన్‌లో "వేసుకోండమ్మా" అన్నా చాలదు, ఉత్తరంగానో మెయిల్‌గానో తీసుకో. పారితోషికం నువ్వే ముందు ప్రస్తావించు. కాలేజీకి అది చిన్న ఖర్చు, ముసలివయసులో ఉన్న కవిగారి భార్యకు అది గౌరవం. అచ్చయ్యాక రెండు ప్రతులు తప్పకుండా పంపు.

జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. "ప్రయత్నించాం, ఆచూకీ దొరకలేదు" అని ముందుమాటలో రాసినంత మాత్రాన అనుమతి అయిపోదు. అందుకే అనుమతి కావాల్సిన ప్రతి పాఠానికీ బదులుగా మరొకటి చూసి ఉంచుకో.

జాబితా తయారవగానే నాకు వాట్సాప్‌లో పంపు. గుంటూరు వైపు రచయితల కుటుంబాల్లో నాకు తెలిసినవాళ్లతో నేను మాట్లాడి పెడతాను.

మీ పెదనాన్న