షాడో టీచర్ జీతం తల్లిదండ్రులే ఇచ్చుకోవాలా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. చూపు, వినికిడి రెండూ చాలా తక్కువ. చేతిలో చెయ్యి పెట్టి సైగ చేస్తేనే అర్థం చేసుకుంటుంది. రోజంతా పక్కన ఉండే షాడో టీచర్‌ను మా ఖర్చుతో పెట్టుకోవాలని, లేదంటే ఇంటి దగ్గరే చదివించుకోవాలని స్కూలువాళ్లు అంటున్నారు. అది గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూలు. ఏం చెయ్యాలి? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ రెండో మాట సంగతి చూద్దాం. బహుళ వైకల్యం ఉన్న పిల్లలు కావాలనుకుంటే ఇంటి దగ్గర చదువుకోవచ్చని విద్యాహక్కు చట్టంలో 2012లో చేర్చారు. కావాలనుకోవాల్సింది మీరు. స్కూలు కాదు.

ఇక ఖర్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16 గుర్తింపు పొందిన ప్రైవేటు స్కూళ్లనూ కలుపుకుంటుంది. పిల్లల అవసరాన్ని బట్టి సదుపాయం, విడిగా తోడ్పాటు ఇవ్వాలని, చూపు, వినికిడి రెండూ లేనివారికి తగిన భాషలో, తగిన పద్ధతిలో చెప్పాలని అందులో ఉంది. ఆ జీతం తల్లిదండ్రులు భరించాలని ఎక్కడా లేదు. అయితే ఒక మెలిక ఉంది. ఇవన్నీ జరిగేలా చూసే బాధ్యతను ఆ సెక్షన్ ప్రభుత్వం మీద పెట్టింది. అందుకే ఒక్క స్కూలుతోనే గొడవ పడి ఊరుకోకండి, జిల్లా విద్యాశాఖాధికారికీ అర్జీ ఇవ్వండి.

2021 అక్టోబరు 28న రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు, కేంద్రం ప్రమాణాలు ప్రకటించేదాకా ఇలాంటి పిల్లలు ఇద్దరికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలంది. కేంద్రం ప్రమాణాలు 2022లో వచ్చాయి, కాబట్టి ఆ లెక్క అప్పటిదాకానే. కోర్టు అప్పుడు కూడా ఒక్కరికి ఒకరు అనలేదు. కాబట్టి మీ పాపకు విడిగా మనిషి ఎందుకు కావాలో మీరే చూపించాలి. అర్జీలో 'షాడో టీచర్ కావాలి' అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి. బోర్డు కనపడదు, పిలిస్తే వినపడదు, స్పర్శతోనే సైగలు అందుకుంటుంది, బాత్రూమ్‌కు ఒంటరిగా వెళ్లలేదు... ఇలా ఒక రోజంతా ఎలా గడుస్తుందో రాయండి. యూడీఐడీ (దివ్యాంగుల ప్రత్యేక గుర్తింపు) సర్టిఫికెట్ కూడా చూసుకోండి. చూపు ఒక్కటే రాసి ఉంటే రెండూ నమోదు చేయించండి.

స్కూలు నోటిమాటగా చెప్పినదాన్ని కాగితం మీద అడగండి. పని కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు. విచారణలో సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి ఆయనకు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. మీ పాప తరఫున జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేస్తే, ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.