బల్ల చుట్టూ సాగే చదువు

ప్రశ్న: అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఉంటున్న మా తమ్ముడి కుమార్తె ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీలో చేరాలనుకుంటోంది. అది మన రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల వంటిదేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదండీ. 1781లో స్థాపించిన ఈ ప్రైవేటు పాఠశాలలో 9 నుంచి 12వ తరగతి వరకు ఉంటాయి. ఎక్కువమంది వసతి గృహాల్లో ఉంటారు, చుట్టుపక్కల పిల్లలు ఇంటి నుంచే వచ్చి చదువుకోవచ్చు.

అసలు విశేషం బోధనలో ఉంది. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ ఇచ్చిన భారీ విరాళంతో, సుమారు 12 మంది విద్యార్థులు ఉపాధ్యాయుడితో కలిసి అండాకారపు బల్ల చుట్టూ కూర్చుని చర్చిస్తూ నేర్చుకునే పద్ధతి అక్కడ మొదలైంది. గణితం సైతం ఇలాగే సాగుతుంది కనుక, ముందురోజు లెక్కలు ప్రయత్నించకుండా వచ్చిన విద్యార్థి దాక్కోవడానికి వెనక బెంచీ ఉండదు. మన కార్పొరేట్ కళాశాలలు జేఈఈ, నీట్ ర్యాంకుల కోసం చదివిస్తాయి. అమెరికా విశ్వవిద్యాలయాలు మార్కులతో పాటు వ్యాసాలు, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు, ఆటలు, కళలలో ఆసక్తిని కూడా పరిశీలిస్తాయి కాబట్టి అక్కడి సన్నద్ధత వేరు. నా దృష్టిలో పిల్లలకు ఇదే మేలైన చదువు.

ఫీజు చాలా ఎక్కువ. అయితే కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సాయం ఇస్తారు, దరఖాస్తు సమయంలోనే అడగమనండి. పాఠశాల చూడటానికి వెళ్లినప్పుడు, అహ్మదాబాద్ ఐఐఎంకు రూపకల్పన చేసిన లూయీ కాన్ తీర్చిదిద్దిన గ్రంథాలయాన్ని కూడా అమ్మాయికి తప్పక చూపించమనండి.