టెక్ సందేహాలు: గ్యాస్‌తోనూ నడిచే జనరేటర్ కొనేముందు మూడో రోజు సంగతి ఆలోచించండి

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పట్నుంచి ఈ శీర్షికకి ఫోన్ల ప్రశ్నలు తగ్గి జనరేటర్ల ప్రశ్నలు ఎక్కువయ్యాయి. అందుకే ఈసారి మొత్తం వాటికే ఇస్తున్నా.

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. తుపానుకి స్తంభాలు పడిపోతే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లుండరు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ మొదటి రాత్రికే అయిపోతుంది. నాన్నగారి ఇన్సులిన్ కోసం ఫ్రిజ్ నడవాలి, మూడు ఫ్యాన్లు, లైట్లు, వైఫై, వీలైతే ఒక హెచ్‌పీ మోటారు. పెట్రోలుతోనూ గ్యాస్‌తోనూ నడిచే డ్యూయల్ ఫ్యూయల్ జనరేటర్ 5 కేవీఏది తీసుకోమంటున్నారు. ఇంట్లో రెండు గ్యాస్ బండలు ఎలాగూ ఉన్నాయి కదా, ఇదే మంచిదంటారా?

ఆలోచన మంచిదే, సైజు ఎక్కువైంది, బండల లెక్క తప్పింది. ఒక్కోటీ చూద్దాం.

మోటారు పక్కన పెడితే మీ ఇంట్లో ఏకకాలంలో నడిచేది ఎంతో కూడండి. మామూలు ఫ్యాను 70 వాట్లు, మూడు కలిపి 210. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 150 దాకా. లైట్లు, వైఫై, ఫోన్ల ఛార్జింగు అన్నీ కలిపి 100 దాటవు. ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగుకి ఒక 250 వేసుకోండి. మొత్తం 700 వాట్లు, అంతే. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యే ఆ ఒక్క క్షణం మాత్రం మామూలుకన్నా అయిదారు రెట్లు గుంజుతుంది, దానికో వెయ్యి వాట్లు వెసులుబాటు ఉంచుకోవాలి. అప్పుడు కూడా 2 నుంచి 3 కేవీఏ చాలు (ఒక కేవీఏ అంటే వెయ్యి వాట్లు, లేదా కాస్త తక్కువ అనుకోండి). 5 కేవీఏ మామూలు జనరేటర్ మీద 700 వాట్ల లోడు పెట్టినా ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూనే ఉంటుంది, లోడు తగ్గినంతగా పెట్రోలు ఖర్చు తగ్గదు. ఇన్వర్టర్ రకం జనరేటర్ అయితే లోడు తగ్గితే ఇంజిను వేగం కూడా తగ్గిస్తుంది, చప్పుడు తక్కువ, వచ్చే కరెంటు కూడా శుభ్రంగా ఉంటుంది. ఖరీదెక్కువే. కానీ తుపాను తర్వాత పెట్రోలు దొరకని రోజున ఆ తేడా తెలుస్తుంది.

ఇక ఒక హెచ్‌పీ మోటారు. నడిచేటప్పుడు కిలోవాటు దగ్గర తీసుకుంటుంది, మొదలయ్యేటప్పుడు దానికి మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 5 కేవీఏ కొనమన్నవాళ్లు దీన్ని చూసే చెప్పుంటారు. రోజుకి పావుగంట మోటారు కోసం రోజంతా పెద్ద ఇంజినుని మేపడం నాకైతే నచ్చదు. తుపాను చెప్పకుండా రాదు కదా, హెచ్చరిక రాగానే ట్యాంకు, డ్రమ్ములు నింపేసుకోండి. అలా కుదరదు, మోటారు తప్పదు అంటే 3.5 కేవీఏ పైన చూడండి, అన్నీ ఆపేసి మోటారు ఒక్కటే వేసుకోండి. మోటారు ప్లేటు మీద ఆంపియర్లు రాసుంటాయి, అది ఫొటో తీసి డీలరుకి చూపించి "గ్యాస్ మీద నడిపినప్పుడు ఇది స్టార్ట్ అవుతుందా" అని అడగండి. గ్యాస్ మీద అనే మాట మర్చిపోవద్దు, ఎందుకంటే అదే జనరేటర్ ఎల్పీజీ మీద పదోవంతు తక్కువ శక్తి ఇస్తుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది పెట్రోలు మీద కొద్దిసేపు ఇవ్వగల గరిష్ఠ అంకె. మీక్కావాల్సింది గ్యాస్ మీద ఆగకుండా ఇచ్చే అంకె, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇప్పుడు బండలు. ఇంటి వంటకిచ్చిన 14.2 కేజీల బండని వంటకి తప్ప దేనికీ వాడకూడదని 2000 నాటి ఎల్పీజీ కంట్రోల్ ఆర్డరు చెబుతోంది. జనరేటర్‌కి తగిలిస్తే అది ఉల్లంఘనే, ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా ఇబ్బందే. మీకు పనికొచ్చేవి రెండు: 19 కేజీల కమర్షియల్ సిలిండర్, లేదా గుర్తింపు కార్డు చూపిస్తే ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో ఇచ్చే 5 కేజీల సిలిండర్. 700 వాట్ల నుంచి కిలోవాటు లోడుకి గంటకి అర కేజీ నుంచి ముప్పావు కేజీ గ్యాస్ అవుతుందనుకోండి. 19 కేజీల బండ పాతిక గంటలకి తక్కువ కాకుండా వస్తుంది, రోజుకి నాలుగు గంటల చొప్పున దాదాపు వారం. 5 కేజీలది ఒకటిన్నర, రెండు రోజులు. చిన్న బండ మీద పెద్ద లోడు పెడితే ఇంకో గొడవ, గ్యాస్ వేగంగా ఆవిరయ్యేకొద్దీ బండ చల్లబడిపోయి ఒత్తిడి పడిపోతుంది, ఇంజిను దగ్గుతూ ఆగుతుంది. అందుకని నా ఓటు 19 కేజీలకే.

నాలుగు గంటలేంటి, రోజంతా వద్దా అంటారేమో. వద్దు. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వేసి, మిగతా వేళ ఫ్రిజ్ తలుపు ఊరికే తీయకుండా ఉంటే, ఫ్రీజర్లో నీళ్ల సీసాలు గడ్డ కట్టించి ఉంచితే, లోపలి చల్లదనం చాలావరకు నిలుస్తుంది. ఇన్సులిన్ సీసాలు గడ్డలకి ఆనకుండా చూడండి, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. రాత్రి ఫ్యాన్లకి మీ పాత ఇన్వర్టరే దిక్కు, జనరేటర్ పని దాన్ని నింపడం. ఇక్కడో చేదు నిజం: 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ 15 ఆంపియర్ల చొప్పున నిండితే నాలుగు గంటలకి వచ్చేది 60 ఏహెచ్, దాంతో రెండు మామూలు ఫ్యాన్లు తిరిగేది నాలుగు గంటలే. అవే ఫ్యాన్లు తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకంవి అయితే తొమ్మిది పది గంటలు, అంటే తెల్లారేదాకా. జనరేటర్ బడ్జెట్లోంచి రెండు ఫ్యాన్ల డబ్బు ముందు తీసి పక్కన పెట్టండి, తర్వాత జనరేటర్ గురించి మాట్లాడుకుందాం. జనరేటర్ మీద ఇన్వర్టర్ ఛార్జింగు ఎక్కడం లేదని కొందరు రాశారు, వెనకాల యూపీఎస్ మోడు, నార్మల్ మోడు అని చిన్న స్విచ్ ఉంటుంది, నార్మల్‌లో పెడితే కాస్త అటూ ఇటూ అయ్యే వోల్టేజీని కూడా ఒప్పుకుంటుంది.

అసలు డ్యూయల్ ఫ్యూయల్ ఎందుకంటే నా దృష్టిలో కారణం ఒక్కటే, నిలవ. మొదటి రోజు ట్యాంకులో ఉన్నదాంతో గడుస్తుంది, రెండో రోజు ఎవరి బండిలోంచో తీసి పోస్తారు, మూడో రోజుకి బంకు దగ్గర కరెంటుండదు, ఉన్నా క్యూ రోడ్డు దాకా ఉంటుంది, కొబ్బరిచెట్లు అడ్డంపడి అక్కడిదాకా వెళ్లే దారే ఉండకపోవచ్చు. పోనీ ముందే కొని పెట్టుకుందామంటే పెట్రోలు నెలల తరబడి నిలవుండదు, ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోలు మన గాలిలో తేమని కూడా పీల్చుకుంటుంది, కార్బ్యురేటర్లో జిగురు పట్టి సరిగ్గా కావాల్సిన రోజునే ఇంజిను మొండికేస్తుంది. బండలో గ్యాస్ పాడవదు. జూన్‌లో తెచ్చి పెట్టింది నవంబరులోనూ అలాగే ఉంటుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమవాళ్లకి నవంబరు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పెట్రోలు కూడా కొంత ఉంచుకుంటామంటే సొంత అవసరానికి 30 లీటర్ల దాకా లైసెన్సు అక్కర్లేదు, కానీ గట్టి మూతున్న లోహపు డబ్బాలో మాత్రమే. కూల్‌డ్రింక్ సీసాలు వద్దండి బాబూ.

పాశర్లపూడి గ్యాస్ బావి మంటలు (1995), నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలుడు (2014) తెలిసిన ప్రాంతంలో గ్యాస్ అంటే భయం ఉండటం సహజమే. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేలమీదే పల్లంలో పేరుకుంటుంది. కాబట్టి బండ నిలువుగా, ఆరుబయట, ఇంజిను పొగగొట్టానికి దూరంగా. డీలర్ని ఒక్కటడగండి: ఇంజిను ఆగిపోతే గ్యాస్ తనంతట తనే ఆగుతుందా? కంపెనీ డ్యూయల్ ఫ్యూయల్ సెట్లలో ఇంజిను పీల్చినప్పుడే గ్యాస్ వదిలే డిమాండ్ రెగ్యులేటర్ ఉంటుంది. పాత పెట్రోలు సెట్టుకి పొయ్యి రెగ్యులేటర్, గొట్టం తగిలించి "కిట్టు వేసేశాం" అనేవాళ్ల దగ్గర అది ఉండదు, వాళ్ల జోలికి పోవద్దు.

ఆన్‌లైన్లో చవగ్గా కనిపించే అమెరికా మోడళ్లతో కూడా జాగ్రత్త. అవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌వి, మనది 230, 50. వాటి గ్యాస్ గొట్టం మర కూడా మన బండకి ఎక్కదు. యూట్యూబ్‌లో రివ్యూలన్నీ వాటివే, చూసి ఆనందించండి, కొనేటప్పుడు మాత్రం ప్లేటు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ఉందా, మీ దగ్గర్లో సర్వీసు, విడిభాగాలు దొరుకుతాయా అన్నవే చూడండి.

ప్రశ్న: పాలకొల్లు నుంచి. ఇంటి లైనుని కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ ఖర్చెందుకు, రెండు వైపులా ప్లగ్గున్న వైరుతో ఏదో ఒక సాకెట్‌కి ఇచ్చేస్తే ఇల్లంతా వస్తుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. మెయిన్ ఆపితే చాలట కదా?

ఆ ఎలక్ట్రీషియన్ని మార్చండి. మెయిన్ ఆపడం ఒక్కరోజు మర్చిపోతే మీ 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్లోకి వెనక్కి వెళ్లి అటువైపు 11 వేల వోల్టులై లేస్తుంది. తుపాను తర్వాత స్తంభాల మీద ఉండేది మీకు తెలిసిన లైన్‌మన్ ఒక్కడే కాదు, వేరే జిల్లాల నుంచి వచ్చి మీ కోసం ఎక్కినవాళ్లు. పైగా ఊడిన ప్లగ్గు పిన్నుల్లో కరెంటు ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటారు. ఫేజ్, న్యూట్రల్ రెండూ మార్చే రెండు పోళ్ల చేంజోవర్ పెట్టించండి. జనరేటర్‌కి ఎర్తింగ్ సంగతి, మీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) జనరేటర్ మీద కూడా ట్రిప్ అవుతుందా లేదా అన్నది అప్పుడే టెస్ట్ చేయించండి, చాలా చిన్న సెట్లలో న్యూట్రల్ ఎర్త్‌కి కలిపి ఉండదు, అప్పుడు అది ట్రిప్ కాకపోవచ్చు.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఏరేటర్లకి వాడే డీజిల్ జనరేటర్‌నే ఇంటికి కూడా వాడుకోవచ్చా?

చెరువు గట్టు మీదున్నది త్రీ ఫేజ్ సెట్టయి ఉంటుంది. ఇంటి లోడంతా ఒక్క ఫేజ్ మీద వేస్తే మిగతా వాటి వోల్టేజీ దారి తప్పుతుంది. అంతకన్నా ముఖ్యం, కరెంటు పోయిన రాత్రి రొయ్యకి ఆక్సిజన్ కావాలి, మీకు ఫ్యాను కావాలి, అప్పుడు సెట్టు ఎక్కడుంటుందో మీకూ తెలుసు. ఇంటికి చిన్నది వేరే తీసుకోండి.

ప్రశ్న: కాకినాడలో మాకు పైపు గ్యాస్ ఉంది. దాంతో డ్యూయల్ ఫ్యూయల్ జనరేటర్ నడుస్తుందా?

నడవదు. పైపులో వచ్చేది సహజ వాయువు, అంటే మీథేన్, ఎల్పీజీ కాదు. దానికి వేరే జెట్టు, వేరే రెగ్యులేటర్ ఉండే ట్రై ఫ్యూయల్ సెట్లున్నాయి, వాటిలో శక్తి ఇంకాస్త తగ్గుతుంది. పైపుకి మీరే టీ జాయింట్ పెట్టుకోవడం కుదరదు, గ్యాస్ కంపెనీ ఒప్పుకుని వాళ్ల మనిషే చెయ్యాలి.

ప్రశ్న: పి.గన్నవరం వైపు లంక ఊరు మాది. జనరేటర్ ఎక్కడ పెట్టుకోవాలి? వర్షంలో వరండాలో పెడితే?

వరండా వద్దు, వసారా వద్దు, కిటికీ పక్కన అస్సలు వద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. గ్యాస్ మీద నడిపితే అది రాదనుకోవడం కూడా తప్పే. తలుపులకి, కిటికీలకి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి వ్యతిరేకంగా పెట్టి, నాలుగు వైపులా తెరిచున్న రేకుల పాక వెయ్యండి. తాటాకు పాకలో పెట్టొద్దు, ఆ వేడికి అంటుకుంటుంది. లంకల్లో వరద ఎంతవరకు వచ్చిందో 2022 జులై మరక మీ గోడ మీదే ఉంటుంది, దానికి పైన దిమ్మ కట్టుకోండి. గ్యాస్ నిండిన బండ కూడా నీళ్లలో తేలుతుంది, అందుకని దాన్ని స్తంభానికి గొలుసుతో కట్టాలి, లేకపోతే బండ ధవళేశ్వరం నీటితో సముద్రానికే.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు. బాల్కనీలో చిన్న జనరేటర్?

వద్దు, పైన చెప్పిన పొగ కారణంగానే. మీ పై ఫ్లాటువాళ్ల కిటికీ కూడా మీ బాల్కనీ పక్కనే ఉంటుంది. అపార్ట్‌మెంట్ జనరేటర్ నుంచి మీ ఫ్లాటుకి ఎంత లోడు ఇస్తున్నారో అసోసియేషన్ని అడగండి. చాలా చోట్ల లైట్లకి, ఫ్యాన్లకి మాత్రమే ఒక లైను ఇస్తారు. ఇంకో 200 వాట్లకి వాళ్లు ఒప్పుకుంటే ఎలక్ట్రీషియన్ చేత ఫ్రిజ్ ప్లగ్గుని ఆ లైనులో కలిపించుకుంటే సరిపోతుంది. ఒప్పుకోకపోతే ఇన్వర్టర్‌కి కొత్త బ్యాటరీ, బీఎల్‌డీసీ ఫ్యాన్లు.