నాటో సంగతి తర్వాత, ముందు పాస్‌పోర్టు చూడండి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ ఆఖరి సంవత్సరం. ఆ తర్వాత విదేశాల్లో ఇంటర్నేషనల్ రిలేషన్స్, సెక్యూరిటీ స్టడీస్‌లో ఎంఏ చేస్తానంటోంది. అమెరికాకూ యూరప్‌కూ పొసగడం లేదని రోజూ వింటున్నాం. ఆ దేశాల సైనిక కూటమి నాటో ఉంటుందో ఊడుతుందో తెలీదట. అలాంటప్పుడు ఈ చదువుకు భవిష్యత్తు ఉందా? అమెరికా మేలా, యూరప్ మేలా? 40 లక్షలు అప్పు చేయాల్సి వస్తోంది. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది నాటో గురించే అయినా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆఖరి వాక్యం. దాని దగ్గరికి వస్తాను. ముందు నాటో భయం తీర్చేద్దాం.

గొడవ నిజమే. 2025 ఫిబ్రవరిలో జర్మనీలోని మ్యూనిక్ భద్రతా సదస్సులో అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్ యూరప్ నేతలను ముఖం మీదే కడిగేశారు. అదే నెలాఖరున ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీకి వైట్‌హౌస్‌లో జరిగిన మర్యాద అందరూ చూశారు. జులైలో యూరప్ సరుకుల్లో ఎక్కువ వాటిపై 15 శాతం సుంకానికి ఒప్పందం కుదిరింది. డెన్మార్క్ అధీనంలోని గ్రీన్‌లాండ్ మాకు కావాలని ట్రంప్ పట్టుబట్టడం వీటన్నిటికీ పైన. కానీ అదే ఏడాది జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035 కల్లా జీడీపీలో 5 శాతం రక్షణకు పెడతామని ఒప్పుకున్నాయి. అందులో 3.5 శాతం నేరుగా సైన్యానికి, 1.5 శాతం వంతెనలు, రోడ్లు, సైబర్ భద్రత లాంటి వాటికి. ఆయుధాల కొనుగోళ్లకు యూరోపియన్ యూనియన్ (ఈయూ) 15,000 కోట్ల యూరోల రుణ పథకం పెట్టింది. రక్షణ ఖర్చుకు అడ్డొస్తోందని జర్మనీ రాజ్యాంగంలోని అప్పుల పరిమితినే సడలించింది. ఆలుమగలు పోట్లాడుకుంటే పెద్దమనుషులకు పని పెరుగుతుంది గానీ తగ్గదు. ఈ రంగంలో పని ఉంది.

ఆ పని మీ అమ్మాయికి ఇస్తారా అన్నదే ప్రశ్న. కోర్సు బ్రోషర్లలో ఈ మాట ఉండదు. నాటోలో ఉద్యోగానికైనా, ఇంటర్న్‌షిప్‌కైనా ఆ 32 సభ్య దేశాల పౌరులై ఉండాలి. ఈయూ సంస్థల్లో పర్మినెంటు ఉద్యోగాలకు ఈయూ పౌరసత్వం కావాలి. అమెరికా విదేశాంగ శాఖ, పెంటగాన్ సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడి ఆయుధ కంపెనీల్లో ఎగుమతి నియంత్రణ చట్టాల కింద సాంకేతిక వివరాలు చూడాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు. మార్కులు ఎన్ని వచ్చినా ఈ గడప దాటించవు. చిన్న సందు ఒకటుంది. ఈయూ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ఐదు నెలల బ్లూబుక్ ట్రైనీషిప్‌లో కొన్ని సీట్లు బయటి దేశాల వాళ్లకిస్తారు. భత్యం కూడా ఇస్తారు, కానీ అది ఉద్యోగం కాదు.

ఇక ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయిన ‘జియోపొలిటికల్ అనలిస్ట్’ గురించి. దీని మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి. రీల్స్‌లో మ్యాపు ముందు నిలబడి మాట్లాడటం వేరు, జీతం వచ్చే పని వేరు. థింక్ ట్యాంకుల్లో (విధానాలపై పరిశోధన చేసే సంస్థల్లో) రిసెర్చ్ అసిస్టెంట్ పోస్టు చాలాసార్లు ఒక ప్రాజెక్టు నిధులతో పుడుతుంది, ఆ నిధులు అయిపోగానే పోతుంది. ‘ఉక్రెయిన్ యుద్ధం–ప్రపంచంపై ప్రభావం’ అని ఎవరైనా పది పేజీలు రాయగలరు. దానికి డబ్బులిచ్చేవాళ్లు లేరు.

దేనికిస్తారో ఒకటి చూపిస్తాను. 2025 జులైలో ఈయూ రష్యాపై తన 18వ ఆంక్షల ప్యాకేజీలో గుజరాత్‌లోని చమురు శుద్ధి కంపెనీ నయారా ఎనర్జీని పేరుపెట్టి చేర్చింది. అక్టోబరులో అమెరికా, నయారాలో వాటా ఉన్న రష్యా చమురు కంపెనీ రాస్‌నెఫ్ట్‌పై ఆంక్ష పెట్టింది. అమెరికా నియమం ప్రకారం ఆంక్షలున్న వాళ్ల వాటా 50 శాతం, ఆపైన ఉంటేనే అనుబంధ కంపెనీకి ఆంక్ష దానంతటదే వర్తిస్తుంది. నయారాలో రాస్‌నెఫ్ట్ వాటా 49 శాతమే. అంటే ఒకే కంపెనీకి ఈయూ కేంద్రమైన బ్రసెల్స్ లెక్క ఒకటి, వాషింగ్టన్ లెక్క ఇంకొకటి. ఈ తేడా చదివి, ఈ చెల్లింపు ఆపాలా వదలాలా అని రెండు పేజీల్లో చెప్పగలిగే మనిషి బ్యాంకుకు, షిప్పింగ్ కంపెనీకి, ఇన్సూరెన్స్ వాళ్లకు కావాలి. హైదరాబాద్, బెంగళూరుల్లోని విదేశీ బ్యాంకుల ఆఫీసుల్లో శాంక్షన్స్ కంప్లయన్స్ పేరుతో ఉన్న పని ఇదే. మీరు భయపడుతున్న ఆ గొడవే ఇక్కడ అన్నం పెడుతుంది.

అమెరికానా యూరపా అన్నారు కదా, క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో చదువయ్యాక పనికి 12 నెలలు. మరో 24 నెలలు రావాలంటే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉండాలి. మామూలు ఇంటర్నేషనల్ రిలేషన్స్ కోడ్ అందులో లేదు. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ఖర్చులకు ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో) చూపాలి, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలిస్తారు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా ఉద్యోగం జర్మన్ అడుగుతుంది. చాలామంది బోల్తా పడేది అక్కడే. ఈయూ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు చేతికొస్తాయి. నా ఓటు యూరప్‌కే, అదీ అప్పు లేకుండా అయితేనే.

ఇప్పుడు 40 లక్షలు. పదిన్నర శాతం వడ్డీకి పదేళ్లంటే నెలకు దాదాపు 54 వేలు, చదివే రెండేళ్ల వడ్డీ కలపకుండానే. ఢిల్లీలో అద్దె కట్టుకుంటూ ఈ వాయిదా కట్టగలిగే తొలి జీతం ఈ రంగంలో ఆశించకండి. ఇంకో మాట, కోపగించుకోకండి. మీ ఉత్తరంలో ట్రంప్ మీద ఉన్న దిగులులో సగం కూడా అమ్మాయి మీద లేదు. తనకు ఏ భాష వచ్చు, లెక్కలంటే భయమా, రాత ఎలా ఉంటుంది, ఏదీ రాయలేదు. టీవీ డిబేట్ చూసి పిల్ల చదువు తేల్చకండి. తను ఎంచుకున్నది పిచ్చి దారి కాదు, తొందరే ఎక్కువైంది.

ఏడాది ఆగితే కొంపేం మునగదు. సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాసి ఢిల్లీ జేఎన్‌యూలో అంతర్జాతీయ రాజకీయాల ఎంఏకి ప్రయత్నించనివ్వండి. అక్కడ యూరోపియన్ స్టడీస్‌కు ప్రత్యేక కేంద్రమే ఉంది. లేదా హైదరాబాద్ గోథే సెంట్రమ్‌లో జర్మన్ మొదలుపెట్టి, శ్రద్ధగా ఏడాదిలో బీ1 (మధ్య స్థాయి) దాకా రానివ్వండి. విదేశీ దరఖాస్తులు ఆ తర్వాత.

ఈలోగా ఒక ఆదివారం ఇద్దరూ కూర్చోండి. తనకు నచ్చిన ఉద్యోగ ప్రకటనలు పది తీయమనండి. ప్రతిదాంట్లో జీతం వదిలేసి ముందు అర్హతల పేరా చదవండి. భారతీయ పాస్‌పోర్టుతో దరఖాస్తు చేయగలిగినవి ఎన్నో కాగితం మీద రాయండి. మూడుకు మించకపోతే ఆ కోర్సు కోసం బ్యాంకు మెట్లెక్కకండి.